వేసవి బిడ్డ: పరదేశపు అనాథశిశువునకు ఆతిథ్యము



వైశాఖము వచ్చుసరికి మన పల్లెలలో బడులు మూతపడును. పిల్లలు అమ్మమ్మగారి యిండ్లకు బయలుదేరుదురు. బోధను బస్సు దిగి యొకరు, వర్ని బస్సు దిగి యొకరు, చేతిసంచులతో చందూరు వీధులలో కనబడుదురు. ఆ బిడ్డ యెవరి బిడ్డ యని యెవ్వరు నడుగరు. నెలదినములు తిని, ఆడి, కాలువలో మునిగి, ఎండకు నల్లబడి మరల తన యింటికి పోవును. దీనికి శాస్త్రము నక్కరలేదు, సలహాయు నక్కరలేదు.

నేడు నేను చెప్పబోవునది మఱియొక విధమగు వేసవిచుట్టమును గూర్చి. తల్లిదండ్రులు లేక అనాథాశ్రమమున పెరుగుచు, సముద్రముల కావలి దేశమునుండి వచ్చి, ఒక గృహస్థుని యింట వేసవి గడపి, తిరిగి తన దేశమునకు పోవు బిడ్డ. ఇది మనకు సంబంధింపని మాట యని కొందరు తలంపవచ్చును. మన నిజామాబాదు జిల్లాలో గల్ఫుదేశములకో, అమెరికాకో కొడుకును పంపని గ్రామ మరుదు. అట్లు పోయి స్థిరపడినవారి యిండ్లకు ఇట్టి పిల్లలు వచ్చుచున్నారు. వారు రాత్రివేళ ఫోను చేసి "నాన్నా, ఏమి చేయుమందువు?" అని యడుగునది ఇచ్చటి పెద్దలనే. కావున ఈ బిడ్డ మనకేమగునో ముందు తెలిసికొనవలెను.

అతిథి యందుమా? తిథినియమము లేక వచ్చువాడు అతిథి. ఒక్క రాత్రి యుండువాడని మనుస్మృతి చెప్పినది. నెలయో, రెండు నెలలో ఉండువానికి ఆ మాట చాలదు. దత్తపుత్రుడందుమా? దత్తతకు ఇచ్చువా రుండవలెను, పుచ్చుకొనువిధి జరుగవలెను. ఇచ్చట ఇచ్చినవారు లేరు, విధియు జరుగలేదు. ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములను పదునెనిమిదిగా లెక్కించిరి. అందు మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము. నిక్షేపములో ఉపనిధి యని యొక భేదము కలదు. లోన నేమున్నదో చెప్పక, పెట్టెలో పెట్టి ముద్రవేసి అప్పగించిన సొత్తు ఉపనిధి. పుచ్చుకొన్నవాడు దానిని విప్పి చూడరాదు, తన పనికి వాడుకొనరాదు. ఏ ముద్రతో వచ్చెనో ఆ ముద్రతోనే తిరిగి ఇయ్యవలెను.

వేసవికి వచ్చిన పరదేశపు బిడ్డ ఉపనిధి యని నా యభిప్రాయము. కాళిదాసుని నాటకమున కణ్వమహర్షి తాను పెంచిన శకుంతలను అత్తవారింటికి పంపి, దాచిన సొత్తును అప్పగించినవానివలె మనసు తేలికపడినదని చెప్పుకొనును. ప్రాణమున్న బిడ్డను పెట్టెతో పోల్చుట తగునా యని మీరడుగవచ్చును. పెట్టె పెట్టినచోట నుండును. బిడ్డ యట్లుండదు. అది మనలను చూచి నవ్వును, మన మాట నేర్చును, వెళ్లునాడు కొంగు పట్టుకొనును. ఈ విషయమందలి చిక్కంతయు నచ్చటనే యున్నది.

ఈ ధర్మమును గొప్పగా నడపిన ఉదాహరణము మన దేశముననే యున్నది. అది ఒక వేసవితో ముగిసినది కాదు, నాలుగేండ్లు సాగినది. అయినను దానినుండి నేర్చుకొనవలసినది చాల గలదు.

1939 సెప్టెంబరులో పోలండు దేశమును పడమటినుండి జర్మనీయు, తూర్పునుండి సోవియట్టు రష్యాయు ఆక్రమించినవి. తూర్పుభాగమున నున్న పోలిషు కుటుంబములను 1940 ఫిబ్రవరి మొదలు రైళ్లకెక్కించి సైబీరియాకును కజకుస్థానమునకును తరలించిరి. ఆ చలిలో ఆకలిచేతను టైఫసు జ్వరముచేతను పెద్దలు వేలకొలది మరణించిరి. 1941 జూలైలో పోలిషు ప్రభుత్వమునకును రష్యాకును ఒడంబడిక జరిగి, మిగిలినవారికి విడుదల కలిగినది. దక్షిణమునకు నడచివచ్చినవారిలో దిక్కులేని పిల్లలను అష్గాబాదునందు కూడదీసిరి. వారికి చోటిచ్చు దేశము కావలసివచ్చెను.

అప్పుడు కాఠియవాడములోని నవానగర సంస్థానాధీశుడు, జామ్‌సాహెబు దిగ్విజయసింహజీ ముందుకు వచ్చెను. ఆయన నరేంద్రమండలికి అధ్యక్షుడు, బ్రిటిషువారి యుద్ధమంత్రిమండలిలో భారతదేశ ప్రతినిధి. పోలండు మాట ఆయనకు క్రొత్తది కాదు. ఆయన పెదతండ్రి, క్రికెట్టు ఆటలో ప్రసిద్ధుడైన రంజిత్‌సింహజీ, స్విట్జర్లాండునందు పోలిషు సంగీతవిద్వాంసుడు పాదెరెవ్‌స్కీతో స్నేహము చేసినవాడు. 1942లో పిల్లలు లారీలపై పారసీకదేశపు కొండదారిని మష్షదు, జాహెదానుల మీదుగా క్వెట్టాకు చేరి, అచ్చటినుండి బొంబాయికి వచ్చిరి. జామ్‌నగరునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున, సముద్రపుటొడ్డున, బాలాచడి యను చోట తన వేసవిమందిరమునకు సమీపమున రాజు వారికొరకు క్యాంపు కట్టించెను. రెండేండ్ల పసివాండ్రు మొదలు పదునేడేండ్ల వయసువారు వరకు అచ్చట నుండిరి. వచ్చిన వారు, పోయిన వారు కలిసి సుమారు వేయిమంది యని చెప్పుట వాడుక.

క్యాంపు అను మాట మనకు క్రొత్తది కాదు. నిజాంసాగరము 1931లో పూర్తియై కాలువలు పారిన పిమ్మట, కృష్ణా గుంటూరు గోదావరి ప్రాంతములనుండి వచ్చిన రైతులు వర్ని, కోటగిరి, బోధను పొలములలో వేసికొన్న నివాసములను నేటికిని క్యాంపులనియే పిలుచుచున్నాము. తమ ఊరు విడిచివచ్చినవారు తమ మాటను, తమ వంటను, తమ పండుగను వెంట తెచ్చుకొందురని మనమెరుగుదుము. జామ్‌సాహెబు నెరిగినదియు నదియే. ఆయన ఆ పిల్లలను గుజరాతీవారిగా మార్ప యత్నింపలేదు. వారికి పోలిషు భాషలోనే చదువు చెప్పించెను. క్యాంపు పెత్తనము వారి మతమునకు చెందిన ఫ్రాన్సిషెక్ ప్లూతా యను పోలిషు పురోహితునిదే. వారి ప్రార్థన వారిది, వారి పండుగలు వారివి, వారి స్కౌటుదళము వారిది. పిల్లలు తమ దేశపు నాటకములాడిన, రాజు వచ్చి కూర్చుండి చూచెడివాడు. తన ప్రజలందరు తనను బాపూ యని పిలుతురనియు, ఆనాటినుండి తాను వారికిని బాపూ యనియు, వారిక అనాథలు కారనియు ఆయన వారితో చెప్పిన మాటను ఆ పిల్లలు ముదుసళ్లైన పిదప సైతము తలచుకొనిరి.

అచ్చట పెరిగినవారు తరువాత చెప్పుకొన్న ముచ్చట యొకటి మీకు తప్పక చెప్పవలెను. వంటవాడు ప్రతిదినము పాలకూర వండి పెట్టెనట. పిల్లలకది రుచింపలేదు. వారందరు కూడి పాలకూర తినమని సమ్మె కట్టిరట. సంగతి రాజునకు తెలిసినది. దిక్కులేనివారికి అన్నము పెట్టినదే చాలునని ఆయన యనలేదు. పాలకూర మానుమని వంటవానికి ఉత్తరువిచ్చెను. ఇది నవ్వుకొను కథవలె నుండును గాని, నా దృష్టిలో ఆయన చేసిన పనులలో నిది చిన్నది కాదు. మన ధర్మమున బ్రతుకుచున్న వానికి "నాకు వలదు" అను హక్కు ఉండునని మనము సాధారణముగా తలంపము. పెట్టినది తినని అనాథను కృతఘ్నుడందుము. మన యింటి మనుమడు వంకాయ తినకున్న ముద్దుచేయుదుము.

యుద్ధము ముగిసెను. నిక్షేపమును సొంతదారునకు ఇచ్చివేయవలసిన సమయము వచ్చెను. చిక్కు అప్పుడు కలిగినది. ఆ పిల్లల ఊళ్లు సోవియట్టు రాజ్యములో కలిసిపోయినవి. పోలండులో నేర్పడినది రష్యా నీడనున్న ప్రభుత్వము. ఉన్నవారికి బంధువులను వెదకించి, ఇష్టపడినవారిని స్వదేశమునకు, ఇష్టపడనివారిని ఇతరదేశములకు పంపుటకు కాలము పట్టినది. 1946లో బాలాచడి క్యాంపు మూసి, మిగిలినవారిని కొల్హాపురమునకు సమీపమున గల వళివడె క్యాంపునకు మార్చిరి. అచ్చట 1943 మొదలు సుమారు 5,000 మంది పోలండువారు, ముఖ్యముగా తల్లులు పిల్లలు, గుడి బడి కట్టుకొని 1948 వరకు నివసించిరి. పిల్లలు ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశములకు చెదరిరి. కొందరు పోలండునకే పోయిరి. బాలాచడిలో ఇప్పుడు సైనికపాఠశాల నడచుచున్నది.

దీనికి బదులుగా ఏమి కోరుదురని యడిగినప్పుడు, స్వతంత్ర పోలండులో ఒక వీధికి తన పేరు పెట్టిన చాలునని జామ్‌సాహెబు అనినట్లు చెప్పుదురు. 1966లో ఆయన మరణించునాటికి అది జరుగలేదు. నేడు వార్సా నగరమున "మంచి మహారాజు చౌకు" కలదు, ఆయన పేరిట పాఠశాల కలదు. 2024 ఆగస్టులో మన ప్రధానమంత్రి అచ్చటికి పోయినప్పుడు, ప్రతి సంవత్సరము 20 మంది పోలండు యువకులను భారతదేశమునకు పిలుచు పథకమును జామ్‌సాహెబు పేర ప్రకటించెను.

ఆ 1942లోనే మన తెలుగువారి పిల్లలును దిక్కులేనివారైరి. బర్మాలోని తెలుగు కూలీలను అచ్చటివారు కోరంగీలని పిలిచెడివారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుండి ఓడలెక్కినవారగుటచే ఆ పేరు కలిగినది. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారు బాంబులు వేసిరి. మరుసటి మార్చిలో రంగూను పట్టుబడెను. ఓడ దొరకినవారు ఓడపైనను, దొరకనివారు అరకాను దారినో, ఇంఫాలు దారినో కాలినడకను వచ్చిరి. అట్లు దేశమునకు బయలుదేరినవారు సుమారు 5 లక్షలు. దారిలో కలరాచేతను మలేరియాచేతను రాలినవారు పదివేలకొలది. తల్లి నొక గుట్టమీద, తండ్రి నొక వాగుదగ్గర విడిచివచ్చిన పిల్లలను తీరపు జిల్లాలలోని బంధువులో, పరులో చేరదీసిరి. వారికొరకు మహారాజు లేడు, ఏ నగరమునను చౌకు లేదు. వారు వెనుకకు పోవలసిన ఊరును లేదు. బాలాచడిని పొగడునప్పుడు ఆ పేరులేని పెంపుడుతల్లులను మరచుట న్యాయము కాదు గనుక ఈ మాట చెప్పితిని.

ఇక భాష విషయము. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండుటచే ఇది నాకు ప్రాణవిషయము. 1939 మొదలు 1945 వరకు జరిగిన యుద్ధములలో ఫిన్లండు దేశము తన పిల్లలను 70,000 మందికి పైగా స్వీడను, డెన్మార్కు దేశములకు పంపినది. మెడలో పేరుచీటి కట్టి రైలెక్కించిరి. స్వీడనువారు సజ్జనులు. మంచి అన్నము పెట్టిరి, మెత్తని పడక ఇచ్చిరి. కొంతకాలమునకు చిన్నపిల్లలు తమ భాష మరచిరి. యుద్ధానంతరము తిరిగి వచ్చి తల్లి యెదుట నిలిచినప్పుడు తల్లి మాట బిడ్డకు తెలియదు, బిడ్డ మాట తల్లికి తెలియదు. వేలకొలది పిల్లలు తిరిగి రానే లేదు. ఇందు దుర్మార్గుడెవ్వడును లేడు. బిడ్డకు దాని భాషలో రోజున కొక గంట మాటాడువా రొకరుండిన చాలియుండెడిది. పెట్టె భద్రముగా నున్నది గాని ముద్ర చెరిగిపోయినది.

అన్నియు నిట్లే యగునని నేననను. మొదటి మహాయుద్ధము తరువాత వియన్నాలో ఆకలితో నున్న పిల్లలను హాలెండువారు కొన్ని నెలలకొరకు పిలిచిరి. 1920 డిసెంబరులో హెర్మీన అను పదునొకండేండ్ల బాలిక లైడెను పట్టణమునకు వచ్చెను. ఆమె అనాథ కాదు, బక్కచిక్కిన బిడ్డ మాత్రమే. మూడు నెలలనుకొన్నది పొడిగింపబడినది. ఆ యింటివారు ఆమెకు మీప్ అని ముద్దుపేరు పెట్టిరి. కొన్నేండ్లకు ఆమె వియన్నాకు పోయి కన్నవారిని చూచినది. కూతురు మనసు హాలెండులో నున్నదని తల్లి గ్రహించి, సమ్మతించి పంపినది. ఆ బాలికయే పిమ్మట మీప్ గీస్ యను పేర, 1942 మొదలు 1944 వరకు ఆనీ ఫ్రాంకు కుటుంబమును దాచి పోషించి, ఆ బాలిక దినచర్యపుస్తకమును కాపాడినది. నూరేండ్లు జీవించి 2010లో మరణించినది. ఇచ్చట బిడ్డ నిలిచిపోయినది నిజమే. కాని బిడ్డ స్వయముగా వెనుకకు పోయి చూచినది. కన్నతల్లి నోట అనుమతి వచ్చినది. ఆ రెండును జరుగక నిలుపుకొనుట వేరు.

అది ఎంత వేరో 2006లో లోకమునకు తెలిసినది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిలు అణువిద్యుత్కేంద్రము ప్రేలినప్పుడు విషధూళి ఎక్కువభాగము బెలారుసు దేశముపై పడినది. ఆ ధూళిలోని సీసియమను ద్రవ్యము గడ్డినుండి పాలలోనికి, పాలనుండి పిల్లల దేహములలోనికి చేరును. శుద్ధమైన ఆహారము తినిన అది మెల్లగా విసర్జింపబడును. పెద్దల దేహమున సగము తగ్గుటకు సుమారు మూడు నెలలు పట్టును, పిల్లలలో ఇంకను త్వరగా తగ్గును. అందుచే వేసవిలో ఒక నెల యితరదేశమున నుంచుట మేలని తలచి, ఐర్లండు, ఇటలీ, జర్మనీ, స్పెయిను దేశముల గృహస్థులు ఆ పిల్లలను పిలిచిరి. ఆదీ రోచి యను ఐర్లండు వనిత 1991లో స్థాపించిన సంస్థ మూలముననే 25,000 మందికి పైగా పిల్లలు ఆ దేశపు టిండ్లలో నుండి పోయిరి. క్యూబా దేశము హవానా సమీపమున తరరా యను చోట 1990 మొదలు అట్టి పిల్లలకు చికిత్స చేసినది. వచ్చినవారిలో తల్లిదండ్రులున్నవారే యెక్కువ, అనాథాశ్రమములవారును కలరు.

ఇటలీలో జెనోవా నగర సమీపమున నొక దంపతులయింటికి బెలారుసు అనాథబాలిక యొకతె ప్రతి వేసవియందు వచ్చెడిది. 2006 సెప్టెంబరులో, ఆమెకు ఆశ్రమమున హింస కలుగుచున్నదని చెప్పి, వారామెను తిరిగి పంపక దాచిరి. న్యాయస్థానము అప్పగింపుమన్నను వినలేదు. రెండు ప్రభుత్వములకు వైరము వచ్చినది. సుమారు ఇరువది దినములకు పోలీసులు బిడ్డను కనుగొని స్వదేశమునకు పంపిరి. ఆ దంపతుల ప్రేమను నేను శంకింపను. హింస నిజమైనచో ఊరకుండుమనియు చెప్పను. అధికారులకు చెప్పవలెను, వైద్యునికి చూపవలెను, న్యాయస్థానమున పట్టుపట్టవలెను. దాచుటవలన జరిగిన దేమి? బెలారుసు ప్రభుత్వము పిల్లల ప్రయాణములపై కట్టుబాట్లు పెంచినది. 2008లో అమెరికాలో నొక బాలిక తిరిగి పోనని కూర్చున్న పిదప, పిల్లలు తప్పక మరలివత్తురని యితరదేశముల ప్రభుత్వములు వ్రాసి ఇచ్చిన గాని పంపమనెను. ఒక బిడ్డను ఉంచుకొనబోయిన, తరువాత రావలసిన పిల్లల దారి మూతపడినది.

ఇప్పుడు మన ప్రాంతపు మాటకు వత్తును. చందూరు దాపున క్యాంపులో నొక చెరకురైతు కలడు. ఆయన కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. ఒక వేసవిలో ఆ యింటికి కొలంబియా దేశపు అనాథబాలుడు, పదునొకండేండ్లవాడు, అయిదువారముల కొరకు వచ్చెను. కొలంబియా ప్రభుత్వపు కుటుంబసంక్షేమసంస్థ తన సంరక్షణలో నున్న పిల్లలను ఇట్లు సెలవులకు పంపును. అమెరికాలో కిడ్‌సేవ్ అను సంస్థ 1999 మొదలు ఇట్టి వేసవి కార్యక్రమము నడపుచున్నది. ఇందు దాపరికము లేదు. పసిపిల్లలను పెంచుకొనుటకు ఎందరో ముందుకు వత్తురు. పదేండ్లు దాటినవానిని అడుగువాడుండడు. అట్టివానిని నలుగురు చూచి, మాటాడి, ఎవరైన ఇష్టపడుదురేమో యని ఈ యేర్పాటు.

రైతు భార్య దినదినము ఫోనులో ఆ పిల్లవానిని చూచెడిది. ఆమెకు స్పానిషు రాదు, వానికి తెలుగు రాదు. ఒకనాడామె వంటయింటినుండి బెల్లపుముద్ద తెచ్చి చూపినది. వాడు ఎగిరి గంతువేసి "పనేలా, పనేలా" అని కేకవేసెనట. విచారింపగా, కొలంబియాలోను చెరకుతోటలు విస్తారముగా నున్నవనియు, రసము కాచి ముద్దలు చేయుదురనియు, దానికా పేరనియు తెలిసినది. మన శక్కర్‌నగరు చక్కెరకర్మాగారము 2015లో మూతపడినను బెల్లపుగానుగ వాసన మనవారు మరువలేదు, వాడును మరువలేదు. ఆ దినమునుండి ఆమెకు వాడు మనుమడైపోయెను. "వాని నెందుకు పంపుట? ఉంచుకొమ్మని చెప్పరాదా?" అని నన్ను నిలదీసినది.

నేను చెప్పినది మీకును చెప్పుచున్నాను. ఉంచుకొనుటకు వీలులేదు. వానిని పంపి, ఆ పిమ్మట దత్తతకు దరఖాస్తు పెట్టవచ్చును. దేశాంతర దత్తతను గూర్చి 1993లో హేగు నగరమున నొక ఒడంబడిక కుదిరినది. మన దేశము 2003లో దానిని అంగీకరించినది. దాని ప్రకారము బిడ్డకు ముందు స్వదేశముననే తగిన యింటిని వెదకవలెను. డబ్బు చేతులు మారరాదు. రెండు దేశముల అధికారులు సమ్మతింపవలెను. అందుకు నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. ఆ శ్రమకు సిద్ధమైనచో కుమారుడును కోడలును తమలో తాము నిశ్చయించుకొని అధికారులకు చెప్పవలెను. బిడ్డకు మాత్రము అంతవరకు ఒక్కమాట చెప్పరాదు. ముసలితల్లి ఫోనులో "నీవు మా వాడవే" యని లాలించును. ఆమెకది లాలిపాట. పదునొకండేండ్లుగా ఆ మాటకై కాచియున్నవానికి అది వాగ్దానము. తరువాత ఏ కారణముచేతనైన జరుగకపోయిన, వాడు మఱియొకమారు అనాథ యగును. ఈ రెండవ అనాథత్వమును కలిగించువారు మంచివారే యగుట చూచి నాకు బాధ కలుగును.

ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట "అయితే ఏమి మాటాడవలెను?" అని యడిగినది. బెల్లము మాట మాటాడుమంటిని. వాని ఊరిలో గానుగ ఎద్దులతో నడచునా, యంత్రముతో నడచునా యడుగుమంటిని. వాడు చెప్పినది అమెరికాలోని మనుమరాలు తెనిగించినది. ఆ ప్రశ్నతో అయిదువారములు గడచినవి. వాడు పోయినాడు. కుమారుడు దరఖాస్తు పెట్టినాడు. అది యింకను నడచుచున్నది.

కొలంబియా బాలుడు చందూరునకు రాలేదు. కాని పరదేశమున పుట్టి, అచ్చట తల్లిదండ్రులను పోగొట్టుకొన్న మన తెలుగుబిడ్డ వేసవికి తాతగారి ఊరికి వచ్చుట మన జిల్లాలో జరుగరానిది కాదు. రక్తసంబంధమున్నను ఆ బిడ్డయు కొంతకాలపు నిక్షేపమే. అచ్చటి న్యాయస్థానము నియమించిన సంరక్షకుడుండును. అతని అనుమతిపత్రము, తిరుగుప్రయాణపు టిక్కెట్టు, పాస్‌పోర్టు, వీసా ముందే చూచుకొనవలెను. పరదేశపు పాస్‌పోర్టుపై వీసాతో వచ్చి యింట బసచేసినవారి వివరములను 24 గంటలలోపల అధికారులకు తెలుపవలెనను నియమము మన దేశమున గలదు. పోలీసుఠాణా పేరు వినగానే జంకుట యనవసరము. బిడ్డకు ఇచ్చటనో ఆవలనో కీడు జరుగుచున్నదని తోచిన, పిల్లల సహాయమునకై ఏర్పడిన 1098 నంబరునకు ఫోను చేయవచ్చును.

ఇక ఇంటి సంగతి. మన వేసవిలో ఎండ 45 డిగ్రీలకు పోవును. చలిదేశపు బిడ్డను ఉదయము పది దాటిన బయటికి పంపరాదు. కాచి చల్లార్చిన నీరు, పలుచని మజ్జిగ మాటిమాటికి ఇయ్యవలెను. మొదటి వారము కారము తగ్గింపవలెను. రాత్రి దీపమొకటి ఉంచవలెను. ఆకలి నెరిగిన పిల్లలు రొట్టెను దిండుక్రింద దాచుకొందురు. సైబీరియానుండి వచ్చిన పోలిషు పిల్లలును అట్లే చేసిరి. నేను పనిచేసిన బడి వసతిగృహములో నొక బాలుడు జొన్నరొట్టెముక్కలను పుస్తకాలసంచిలో దాచెడివాడు. చీమలు పట్టుచున్నవని తోటివారు ఫిర్యాదు చేయగా, వానికొక మూతడబ్బా ఇచ్చితిని. నాలుగునెలల పిమ్మట ఆ డబ్బాలో గోళీలు కనబడినవి.

తల్లిదండ్రు లెట్లు పోయిరని ఊరివారు పరామర్శకు వత్తురు. మన వాడుకలో అది సానుభూతియే. గుమ్మమునొద్దనే వారిని ఆపి, ఆ ప్రశ్న వలదని చెప్పుట పెద్దవారి విధి. ఉపనిధి ముద్ర యని నేను ముందు చెప్పినది ఇదియే. బిడ్డ తానై చెప్పిన వినవలెను, చెప్పనిచో అడుగరాదు. దాని పేరు పలుకుటకు కష్టమైనను నేర్చుకొని పలుకవలెను; రాము డనియు లక్ష్మి యనియు మార్చరాదు. దాని ప్రార్థన దానిని చేసికొననియ్యవలెను. గుడికి వచ్చెదననిన తీసికొనిపోవచ్చును, రాననిన బలవంతము కూడదు. మన మనుమలతో సమానముగా చిన్నపని చెప్పవలెను: బిందెలో నీరు పోయుట, దూడకు గడ్డి వేయుట. ఏ పనియు చెప్పక కూర్చుండబెట్టి సత్కరించిన, తాను పరాయినని ప్రతిక్షణము దానికి గుర్తుచేసినట్లగును.

తిరిగిపోవు దినమును మొదటినాడే పంచాంగముమీద గుర్తుపెట్టి బిడ్డకు చూపవలెను. దాచిపెట్టి చివరిరాత్రి చెప్పుట మహాపాపము. పోవునప్పుడు విలువైన కానుకలు వలదు. ఆశ్రమమునకు చేరగానే అవి పెద్దపిల్లల పాలగును. ఇంటివారందరితో కలిసి దిగిన ఫొటో యొకటి, చిరునామా వ్రాసిన చీటి యొకటి చాలును. తరువాత ఉత్తరము వ్రాయుదుమని చెప్పినచో వ్రాయవలెను. నెలకొకటి యని చెప్పి రెండు నెలలలో మానుటకంటె, సంక్రాంతికొకటి, ఉగాదికొకటి యని చెప్పి జరుపుట మేలు. ఆశ్రమపు పేరును, ఊరి పేరును ఆ దేశపు లిపిలో మనము వ్రాసిన తప్పులు దొరలును గనుక, బిడ్డ బస్సెక్కకముందే నాలుగు కవర్లపైన దాని చేతనే వ్రాయించి, బీరువాలో భద్రపరచుకొనవలెను.